మా ఇంటి బోరు నీళ్లు

నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. రాయడానికి ఇది ఒక్క వాక్యమే. అది ఏ రోజు మొదలైంది, ఎక్కడ అంటుకుంది, ఏ రోజు పూర్తిగా వదిలింది అని ఎవరైనా అడిగితే మాత్రం ఇప్పటికీ తడబడతాను. ఆ నెలన్నరలో కొన్ని రోజులు నాకు గుర్తున్నాయి. కొన్ని నా భార్య సుజాత చెబితే తెలిసినవి. కొన్ని మా ఇద్దరికీ వేరువేరుగా గుర్తున్నవి. తల దువ్వుకుంటే ఇంకా వెంట్రుకలు గుప్పెడు ఊడి వస్తున్నాయి. మళ్లీ మొలుస్తాయని డాక్టరు చెప్పాడు. మొలిచేలోపు, జరిగినదంతా మరిచిపోకముందే, ఒక వరుసలో పెట్టి చూసుకుందామని కూర్చున్నాను.

నా పేరు ఓబులేసు. మాది జమ్మలమడుగు. ఐటీఐ అయినప్పటి నుంచీ బోరు మోటార్ల పని చేస్తున్నాను. కాలిపోయిన మోటారును బోరులోంచి పైకి లాగడం, వైండింగ్ చేయించి మళ్లీ దించడం, కొత్త బోరుకు పైపులు బిగించడం నా పని. పెద్దముడియం నుంచి ముద్దనూరు దాకా ఏ తోటలో బోరు ఎంత లోతుందో చాలావరకు నోటికి చెప్పగలను. ఒక పుక్కిలి నోట్లో పోసుకుని ఇవి తీపి, ఇవి చవుడు అని నేనంటే రైతులు ఇంకొకరిని అడగరు.

మా దొడ్లో బోరు నేనే దగ్గరుండి వేయించాను. మూడు వందల అడుగులు. మా వీధిలో అందరికీ ఉప్పునీళ్లు పడ్డాయి, మాకొక్కరికే తీపినీళ్లు పడ్డాయి. కొళాయి ఒకరోజు వస్తే ఒకరోజు రాదు. అందుకని ప్రహరీ గోడకు చిల్లు పెట్టి ఒక పైపు వీధిలోకి ఇచ్చాను. పొద్దున్నే మోటారు వేస్తే పదిహేను ఇళ్లవాళ్లు బిందెలు పెట్టుకునేవాళ్లు. అంతకుముందు క్యాన్ నీళ్లు తెప్పించుకునేవాళ్లు కూడా అవి మానేసి మా నీళ్లకే అలవాటు పడ్డారు. అందరికంటే ముందు వచ్చేది పక్కింటి హుసేన్‌బీ అవ్వ. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉండేది. కూతురు మాబున్నిని పులివెందులలో ఇచ్చింది.

జ్వరం మొదలైన రోజు నేను పెద్దముడియం దగ్గర ఒక తోటలో మోటారు లాగే పనిలో ఉన్నాను. మధ్యాహ్నం ఆ రైతు ఇంట్లో మాంసం కూర, సంగటి పెట్టారు. సాయంత్రం బండి మీద ఇంటికి వస్తుంటే తల వెనకభాగం ఎవరో పట్టకారుతో పట్టినట్టు అనిపించింది. ఎండ దెబ్బ అనుకున్నాను. వానలు మొదలై మూడు వారాలైంది, అప్పుడు ఎండ ఎక్కడిది అన్న ఆలోచన రాలేదు.

మరుసటి రోజు కొంచెం జ్వరం. దాని మరుసటి రోజు ఇంకొంచెం. పొద్దున లేస్తే తగ్గినట్టే ఉండేది, పొద్దు వాలేసరికి నిన్నటికంటే ఒక మెట్టు పైన ఉండేది. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు మింగి రెండు రోజులు పనికి కూడా పోయాను. మూడో రోజు మా వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నాను. నాలుగో రోజు డెంగీ ఏమోనని రక్తం ఇచ్చాను, కాదన్నారు. అయిదో రోజు మలేరియా ఏమోనని ఇచ్చాను, అదీ కాదన్నారు. ఆరో రోజు ఒక ల్యాబులో టైఫాయిడ్ ఉందని రాసిచ్చారు. అదే రోజు ఇంకో ల్యాబులో లేదని రాసిచ్చారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఉందో లేదో తెలియని రోగానికి ఎలా పడుకోవాలో నాకు తెలియలేదు.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. సుజాత నెపం పెద్దముడియం మాంసం మీద పెట్టింది. "అది ఎన్ని దినాల కూరో ఏమో. యాడ పెడితే ఆడ తినేస్తావు," అంది. ప్రొద్దుటూరులో ఉండే మా బావమరిది శేఖరు ఫోనులో, "బావా, నువ్వు హోటళ్లలో టీ తాగేది మానుకో. ఆ గ్లాసులు కడిగే నీళ్లు చూసినావా ఎప్పుడన్నా?" అన్నాడు. హుసేన్‌బీ అవ్వ వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి దువా చదివి ఊదింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "దిష్టప్పా ఇది. వీధి వీధంతా నీ మీద కండ్లు పెట్టుకోనుండారు, శానా మంచోడు మంచోడు అని," అంది. ఒక గిన్నెలో గంజి కూడా తెచ్చింది. ఆ గంజి ఏ నీళ్లతో కాచి ఉంటుందో ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ ఒక్కటే నోటికి హితవుగా ఉండి మొత్తం తాగాను.

నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేనే నవ్వేవాణ్ని.

తొమ్మిదో రోజు పొద్దున లేచి నిలబడలేకపోయాను. నాలుక మీద తెల్లగా సున్నం పూసినట్టు పొర. పొట్ట ఉబ్బింది. శేఖరు కారు తెచ్చి ప్రొద్దుటూరుకు తీసుకుపోయాడు. దారిలో కారు కుదుపుకు కడుపు పట్టుకుని ఏడ్చానట. నాకు గుర్తులేదు. నాకు గుర్తున్నది ఆసుపత్రి హాలు. గోడ పక్కన వరసగా ఇనుప కుర్చీలు, ఒక్కటి కూడా ఖాళీ లేదు. చేతిలో టోకెను. నంబరు పిలుస్తున్నారు, కానీ ఆ అంకెలు నాకు అర్థం కావడం లేదు. నలభై రెండు అంటే పెద్దదా చిన్నదా, నాది వచ్చేసిందా రాలేదా? మోటారు ఎన్ని పైపుల లోతులో ఉందో మనసులో లెక్కపెట్టే మనిషిని, టోకెను కాగితం చూసి బెదిరిపోయాను. సుజాతను అడగడానికి సిగ్గేసింది.

అప్పుడు చాపాడు నుంచి వచ్చిన ఒకావిడ తన కుర్చీ లేచి ఇచ్చింది. ఆమెకూ కాలు వాచి ఉంది. "పండుకో నాయనా, నేను రొంతసేపు నిలబడి ఉంటాలే," అని తన తువ్వాలు మడిచి నా తల కింద పెట్టింది. ఆమె పేరు అడగలేదు. తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది. ఈ జబ్బులో ఏ అనుమానమూ లేకుండా నాకు గుర్తున్న మనిషి ఆమె ఒక్కతే.

ఆ తర్వాత అయిదారు రోజులు నావి కావు. సుజాత చెప్పిందే రాస్తున్నాను.

నేను కళ్లు తెరిచే ఉన్నానట, కానీ ఎవరినీ చూడలేదట. రెండు చేతులతో దుప్పటి అంచును గుంజుతూనే ఉన్నానట, బోరులోంచి తాడు లాగుతున్నట్టు. మధ్య మధ్యలో ఆగి, "మూత యాడ పెట్టినావు?" అని అడిగానట. సుజాత మొదట ఫ్లాస్కు మూత తెచ్చి చూపించింది. కాదన్నాను. టిఫిన్ క్యారియర్ మూత తెచ్చింది. కాదన్నాను. మందు సీసా మూత, నీళ్ల బాటిల్ మూత, వార్డులో దొరికిన మూతలన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. పక్క మంచాల వాళ్లు నవ్వారు. తనకూ నవ్వొచ్చిందట. "కోపం వచ్చింది నీకు. 'అది కాదే, పెద్ద మూత, పెద్ద మూత' అని అరిచినావు. నర్సమ్మ పరిగెత్తి వచ్చింది," అని చెప్పింది.

నా తల లోపల ఏం జరుగుతుండిందో నాకు కొన్ని ముక్కలే గుర్తు. ఒక లోతైన గొట్టంలో తలకిందులుగా దిగుతున్నాను. పైన వెలుతురు రూపాయి బిళ్లంత కనిపిస్తోంది. ఎవరో దాన్ని మూసేయాలి, మూయడం లేదు. నేను అరిస్తే మాట బయటికి రావడం లేదు.

సుజాతకు ఆ రోజుల్లో ఇంకో బాధ. మా అమ్మాయి హరితను శేఖరు ఇంట్లో పెట్టాము. దానికీ జ్వరం వచ్చింది. సుజాత పొద్దున నా దగ్గర, మధ్యాహ్నం దాని దగ్గర, మళ్లీ నా దగ్గర. శేఖరు భార్య మంచిదే కానీ, జ్వరం వచ్చిన పిల్లను ఇంట్లో పెట్టుకుంటే తన పిల్లలకు అంటుకుంటుందేమోనని భయపడింది. పైకి అనలేదు, కంచం గ్లాసు మాత్రం వేరే పెట్టింది. సుజాతకు అది గుచ్చుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె చేసిందే సరైన పని. అప్పుడు అక్కాతమ్ముళ్ల మధ్య మాట మాట పెరిగింది. హరితను కూడా ఆసుపత్రికి తెచ్చి నా పక్క మంచంలో చేర్పించారు. దానికి తేలిగ్గానే పోయింది, నాలుగు రోజుల్లో లేచి కూర్చుంది.

నాకు తెలివి వచ్చింది ఆసుపత్రిలో చేరిన ఏడో రోజు అనుకుంటాను. డాక్టరు మంచం పక్కన నిలబడి ఉన్నాడు. రక్తం కల్చర్ రిపోర్టు వచ్చిందట, టైఫాయిడే, ఇంక అనుమానం లేదన్నాడు. పేగు చిల్లు పడకుండా తప్పించుకున్నావు అన్నాడు. తర్వాత అడిగాడు, "ఏం నీళ్లు తాగుతారు మీరు?"

నేను ఎంత నీరసంగా ఉన్నా ఆ ప్రశ్నకు తల కొంచెం పైకెత్తాను. "మా సొంత బోరు సార్. మూడు వందల అడుగులు. నేనే వేయించినా," అన్నాను.

"కాచి తాగుతారా?"

"వాటిని కాచేదేంది సార్? భూమి లోపలివి."

డాక్టరు నా తలాపున ఉన్న అయిదు లీటర్ల డబ్బా వైపు చూశాడు. "ఆ డబ్బాలోవి ఏ నీళ్లు?"

సుజాత చెప్పింది. ఆసుపత్రి నీళ్లు నాకు పడవని, శేఖరు రెండు రోజులకోసారి జమ్మలమడుగు పోయి మా బోరు నీళ్లు పట్టి తెస్తున్నాడని. నేనే అడిగానట, చేరిన మొదటి రోజే. డాక్టరు తిట్టలేదు. నర్సును పిలిచి ఆ డబ్బా బాత్‌రూములో ఒంపేయమన్నాడు. ఆ నీళ్లు పోతున్న చప్పుడు నాకు వినిపించింది. నాకు డాక్టరు మీద కోపం వచ్చింది. మంచి నీళ్లు పారబోస్తున్నాడే అనుకున్నాను.

పన్నెండు రోజులకు ఇంటికి పంపారు. కాళ్లు వెదురు పుల్లలు అయిపోయాయి. గేటు దగ్గర కారు దిగి నిలబడితే మొదట కనబడింది హుసేన్‌బీ అవ్వ ఇంటి తలుపు. తాళం వేసి ఉంది.

"అవ్వ యాడికి పోయింది?" అని అడిగాను.

"పులివెందులకు. మాబున్ని వచ్చి పిల్చకపోయింది," అంది సుజాత. లోపలికి నడువు, ఎండలో నిలబడొద్దు అంది.

ఇంట్లో రెండు రోజులు పడుకున్నాక వీధి సంగతులు తెలిశాయి. ఇంకో నాలుగు ఇళ్లలో జ్వరాలు. ఒకింట్లో వాంతులు, విరేచనాలు. అయినా అందరూ పొద్దున్నే బిందెలతో వస్తూనే ఉన్నారు. నేను లేనప్పుడు కూడా సుజాత మోటారు వేయమని ఎదురింటి రెడ్డెమ్మక్కకు తాళం ఇచ్చి పోయిందట. అంత మంచి మనసు మాది.

మూడో రోజు వార్డు సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. జ్వరాలు వచ్చిన ఇళ్లలో నీళ్లు పరీక్ష చేస్తున్నారట. చిన్న గాజు సీసా, లోపల ఒక కాగితం ముక్క. దాంట్లో మా బోరు నీళ్లు గీత వరకు పోసి మూత బిగించి నా చేతికిచ్చింది. "అన్నా, దీన్ని ఇంట్లోనే పెట్టండి. రేపో ఎల్లుండో చూడండి. నీళ్లు నల్లగా మారితే వాటిల్లో మలం క్రిములు ఉండాయని. మారకపోతే ప్రస్తుతానికి బాగుండాయని," అంది.

"మూడు వందల అడుగులు పాపా," అన్నాను.

"తెల్సన్నా. పెట్టి చూడండి," అంది.

టీవీ పక్కన పెట్టాను. ఆ రోజంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి మామూలుగానే ఉంది. "చూసినావా?" అన్నాను సుజాతతో. మరుసటి రోజు టిఫిన్ వేళకు అడుగున కొంచెం మసకబారింది. వెలుతురు తక్కువై అట్లా ఉందనుకుని కిటికీ దగ్గర పెట్టాను. మధ్యాహ్నానికి సీసా మొత్తం కాటుక కలిపినట్టు నల్లబడింది.

సీసా పాతదై ఉంటుందన్నాను. ఇంకోటి తెప్పించాను. అదీ నల్లబడింది. పైపు కొసలో మురికి ఉందేమో అన్నాను. బోరులోంచి పైపు బయటికి వచ్చే చోటే పట్టిన నీళ్లు పోశాము. అది అన్నిటికంటే తొందరగా నల్లబడింది. హరిత మూడు సీసాలూ వరసగా పెట్టి, "నాయనా, ఇంక చాలు," అంది.

ఆ సాయంత్రం కర్ర పట్టుకుని దొడ్లోకి నడిచాను. బోరు మీద కడప బండ పరిచి ఉంది, సుజాత బట్టలు ఉతుక్కునే బండ. దాన్ని సుజాతా, నేనూ కలిసి ఒక పక్కకు జరిపాము. కింద కేసింగ్ నోరు, అంటే బోరు గుంత కూలకుండా దించే పెద్ద పైపు నోరు. దాని మీద ఒక గోనెసంచి ముక్క, కుళ్లి, సగం లోపలికి జారి ఉంది. పైపు చుట్టూ బురద ఆరి పగుళ్లిచ్చిన మరక. పైపు నోటి అంచుకు కూడా అదే మరక.

అప్పుడు గుర్తొచ్చింది. ఎండాకాలంలో మా మోటారు కాలిపోతే నేనే తీసి, నేనే దించాను. సుజాత బండ సమంగా కూర్చోవడం లేదంటే, నేలకు అడుగైనా పైన ఉండాల్సిన కేసింగును రంపంతో నేలమట్టానికి కోశాను. కోసిన పైపుకు పాత మూత పట్టలేదు. కొత్త మూత రేపు తెస్తానని గోనెసంచి కప్పి బండ వేశాను. ఊరందరి బోర్లకు తిరుగుతూ నా బోరు మూత మరిచిపోయాను. మొదటి పెద్ద వానకు మా వీధి మురికి కాలువ పొంగి దొడ్లోకి వచ్చింది. మోకాలి లోతు. నేను వరండాలో నిలబడి చూశాను. తగ్గాక రెండు గంటలు మోటారు ఆడించి, నీళ్లు తేటపడ్డాయని, ఒక పుక్కిలి తాగి, "బాగుండాయి పట్టుకోండి," అని వీధికి చెప్పాను. రుచి ఏమీ మారలేదు. ఇన్నేళ్లుగా నేను రుచి చూసి చెబుతున్నది ఉప్పు సంగతే. క్రిమికి రుచి ఉండదు.

సుజాత వంగి ఆ గోనెసంచి ముక్కను పైకి లాగి పక్కన పడేసింది. తర్వాత అంది, "ఆసుపత్రిలో అడిగింది ఈ మూతేనా?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అయి ఉండొచ్చు.

"ఒక్క మూత బిగించేకి ఎంతసేపు పడ్తాది నీకు? ఊరందరికీ బిగిస్తావు," అంది. గొంతు పెంచలేదు. "పిల్లకు కూడా ఈ నీళ్లే పోసినా గదా నేను, నా చేత్తో," అని బండ మీదే కూలబడింది. అలాగే కూర్చుని చెప్పింది, హుసేన్‌బీ అవ్వ పులివెందులలో చనిపోయిందని. నేను ఆసుపత్రిలో దుప్పటి గుంజుతున్న రోజుల్లోనే. జ్వరం, విరేచనాలు, నాలుగు రోజులు. నాకు చెప్పొద్దని డాక్టరే అన్నాడట.

ఆ తర్వాతి రోజులు జ్వరంలో ఉన్న రోజులకంటే గందరగోళం. బోరుకు మూత బిగించి, లోపల క్లోరిన్ వేయించాము. వారానికి పరీక్ష చేస్తే సీసా తెల్లగానే ఉంది. వీధంతా సంతోషపడింది. నేను కూడా. ఇంకో వాన పడ్డాక చేస్తే మళ్లీ నల్లబడింది. కేసింగు లోపల ఎక్కడో పగులు కూడా ఉన్నట్టుంది, మూత ఒక్కటే తప్పు కాదేమో. లేక అవతలి పక్కింటి వాళ్లు మా గోడ వారగా తీసిన మరుగుదొడ్డి గుంత తప్పేమో. లేక నిజంగానే పెద్దముడియం మాంసమేనేమో. డాక్టరు దగ్గరికి రెండోసారి చూపించుకోవడానికి పోయినప్పుడు అడిగాను, "సార్, మా బోరు వల్లనేనా?" అని. "అయ్యుండటానికే ఎక్కువ అవకాశం. నీకెక్కడ అంటుకుందో ఖాయంగా మాత్రం చెప్పలేను," అన్నాడు. అవ్వ గురించి అడిగాను. "నేను చూడని పేషెంటు గురించి ఏం చెప్తానయ్యా," అన్నాడు. నాకు శిక్ష వేసినా తీసుకుందును, వదిలేసినా తీసుకుందును. ఆయన రెండూ చేయలేదు.

తాగొద్దు, వాడుకకు మాత్రమే అని గోడకు రంగుతో రాశాను. రెడ్డెమ్మక్క ఆ రాత పక్కనే బిందె పెట్టుకుంటూ, "నీ జ్వరం తగ్గె, నా మనవడి జ్వరం తగ్గె. వానకాలం జ్వరాలు ఎప్పుడు లేవు ఓబులేసూ? బోరు మీద పెడ్తాండావే," అంది. కాచుకోమన్నాను. "ఊ" అంది. ఆమె కాచదని నాకు తెలుసు.

ఒక శుక్రవారం ముద్దనూరు మీదుగా బస్సులో పులివెందుల పోయాను. సుజాత వద్దంది. "పోయి ఏం చెప్తావు? నీకే ఖాయంగా తెలీదంటివి. ఆ యమ్మ మనసు ఎందుకు విరగ్గొడ్తావు?" అంది. అదీ నిజమే. అయినా పోయాను.

మాబున్ని ఇంటి ముందు వరండాలో కూర్చుని కుట్టుమిషను తొక్కుతోంది. నన్ను చూసి గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. "ఓబులేసన్నా? ఏంది ఇట్లయిపోయినావు?" అంది. కుర్చీ వేసింది. అవ్వ గురించి మాట్లాడింది. చివరి రోజు వరకు మా వీధి గురించే చెప్పిందట, ఇల్లు తాళం వేసి ఉంది, కోళ్లకు మేత ఎవరేస్తున్నారో అని.

నేను చెప్పేశాను. కోసిన పైపు, గోనెసంచి, పొంగిన కాలువ, నల్లబడిన సీసాలు. వరుస తప్పి, ముందుది వెనక, వెనకది ముందు చెప్పాను. ఆమె మిషను ఆపి వింది.

"ఆ వాన పడిన తర్వాత మా అమ్మ నీళ్లకు వచ్చిందా?"

"వచ్చింది."

"నువ్వు చూసినావా?"

"నేనే బిందె ఎత్తిచ్చినా."

మాబున్ని మిషను మీది గుడ్డను మడిచింది. మళ్లీ విప్పింది. "అమ్మకు షుగర్ ఉండె. వయసయిపోయుండె. ఎట్ల పోయిందో నాకు తెలీదు, నీకూ తెలీదు," అంది. ఆమె నన్ను వదిలేస్తోందనుకున్నాను. అప్పుడు తలెత్తి సూటిగా చూసింది. "దేవుడు తీసకపోయినాడు అనుకోని నెమ్మదిగా ఉంటి. ఇప్పుడు నువ్వు వచ్చి చెప్పి నీ బరువు దించుకుంటివి. నేను యాడ దించుకోవల్ల అన్నా?"

కుర్చీలోంచి లేవాలో కూర్చోవాలో తెలియలేదు.

"ఆ బోరు ఇంగా నడుస్తాందా?" అని అడిగింది.

"తాగొద్దని రాసినా గోడ మీద."

"మా అమ్మకు చదువు వచ్చా?" అంది.

లేచి బస్టాండుకు వచ్చేశాను. తోటల మధ్య బస్సు పోతుంటే, మనిషికి నిజం చెప్పడం మంచి పనా, చెడ్డ పనా అని ముద్దనూరు దాకా ఆలోచించాను. తేలలేదు.

సోమవారం ఇద్దరు పనివాళ్లను పిలిచి మూడుకాళ్ల స్టాండు వేసి, చైను కప్పీతో మోటారు పైకి తీయించాను. నాకు లాగే శక్తి లేదు, స్టూలు మీద కూర్చుని చెప్పాను. తర్వాత బోరులో బంకమన్ను పోయించి, పైన కాంక్రీటు వేయించాను. వీధివాళ్లు వచ్చి నిలబడ్డారు. "వీధికి ఒక్క మంచి బోరు ఉంటే దాన్ని పూడుస్తాండావు, జ్వరానికి మతి పోయిందా నీకు?" అన్నాడు ఒకాయన. రెడ్డెమ్మక్క ఖాళీ బిందెతో వచ్చి ఖాళీ బిందెతోనే పోయింది, నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడదు. మా ఇంట్లో ఇప్పుడు కొళాయి నీళ్లు వచ్చిన రోజు పట్టి, మరగకాచి తాగుతున్నాము. ఇది చదివేవాళ్ల ఇంట్లో బోరు ఉంటే, కేసింగు నేలకు పైకి ఉందో లేదో, మూత ఉందో లేదో ఇవాళే పోయి చూసుకోండి. వాన నీళ్లు దాని చుట్టూ నిలిస్తే పరీక్ష చేయించేదాకా తాగొద్దు. నీళ్లు తేటగా ఉన్నాయని నాలాంటి వాడెవడైనా చెబితే నమ్మొద్దు.

కాంక్రీటు వేసిన సాయంత్రం మాబున్నికి ఫోను చేశాను. ఎత్తదనుకున్నాను. రెండో రింగుకే ఎత్తింది.

"బోరు మూసేసినామ్మా," అన్నాను.

"ఊ," అంది.

కానీ ఫోను పెట్టేయలేదు. అటువైపు మిషను చప్పుడు ఆగిపోయి ఉంది. ఎవరో పిల్ల ఏదో అడిగితే, ఉండు అని చెప్పింది. నేను చెవికి ఫోను అలాగే పట్టుకుని దొడ్లో నిలబడ్డాను.

చాలాసేపటికి అడిగింది, "అన్నం సయిస్తాందా అన్నా నీకు ఇప్పుడు?"

"రొంత రొంత తింటాండా," అన్నాను.

"కారం తినాకు కొన్ని దినాలు," అని పెట్టేసింది.